ఎఫ్‌ఎం 108 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో నేను వెళ్లిన మూడో ఇంటర్వ్యూ అది. ప్రాజెక్టు గురించి, మాడ్యులేషన్ గురించి బాగానే చెప్పాను. చివర్లో ప్యానెల్‌లో ఉన్న పెద్దాయన తీరిగ్గా అడిగారు. ‘‘ఏం బాబూ, ఎఫ్‌ఎం రేడియో వింటావు కదా! ట్యూన్ చేసుకుంటూ పోతే 108 దగ్గర ఆగిపోతుంది. 109లో ఒక స్టేషన్ పెట్టొచ్చు కదా, ఎందుకు పెట్టలేదు?’’ నేను ‘‘టెక్నికల్ లిమిటేషన్ అయ్యుంటుంది సార్’’ అన్నాను. ఆయన నవ్వి ఫైలు మూసేశారు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

బయటికొచ్చి బస్సులో కూర్చుని ఫోన్‌లో వెతికితే జవాబు దొరికింది. 108 మెగాహెర్ట్జ్ దాటగానే విమానాల ఇలాకా మొదలవుతుంది. 108.1 నుంచి 111.95 దాకా ఉన్న ఫ్రీక్వెన్సీల్లో లోకలైజర్ పనిచేస్తుంది. రాత్రి వానలో, పొగమంచులో రన్‌వే కనబడకపోయినా ‘నువ్వు మధ్య గీతకు ఎడమకు జరిగావు, కుడికి జరిగావు’ అని పైలట్‌కు చెప్పే సిగ్నల్ అది. ఇంకొంచెం పైకి వెళ్తే, 118 నుంచి 137 దాకా పైలట్‌కూ కంట్రోల్ టవర్‌కూ మధ్య నడిచే మాటలు. అంటే మీరు పాటలు వినే బ్యాండుకీ, విమానం నేలకు దిగే దారికీ మధ్య గోడేమీ లేదు. కాగితం మీద ఒక గీత ఉంది, అంతే. ఆ గీతను అందరూ గౌరవిస్తున్నారు కాబట్టే విమానాలు క్షేమంగా దిగుతున్నాయి.

ఇప్పుడు ఆ గీతల మీద ఒత్తిడి పెరుగుతోంది. ఒకవైపు 5జీ, దాని వెనకే 6జీ. మరోవైపు యుద్ధాలు, జీపీఎస్ మోసాలు. కరెంట్ అఫైర్స్‌లో ఇవి విడివిడి వార్తలుగా కనిపిస్తాయి. కానీ అన్నిటి వెనకా ఉన్నది ఒకటే పంచాయితీ: గాలిలో ఏ ముక్క ఎవరిది, హద్దు దాటితే అడిగేదెవరు?

హద్దు రాళ్లు ఎవరు పాతారు?

ఊళ్లో గట్టు తగాదాలు చూసినవాళ్లకు ఈ సబ్జెక్టు తొందరగా ఎక్కుతుంది. రేడియో తరంగం దేశం సరిహద్దు దగ్గర ఆగదు, పాస్‌పోర్టు అడగదు. ఒక దేశం టీవీకి వాడుకునే ఫ్రీక్వెన్సీలోనే పక్క దేశం విమానాలకు దారి చూపిస్తే రెండూ చెడతాయి. అందుకే 1906లోనే బెర్లిన్‌లో కొన్ని దేశాలు కూర్చుని రేడియో మీద మొదటి అంతర్జాతీయ ఒప్పందం రాసుకున్నాయి. ఇవాళ ఆ పని చూసేది ఐటీయూ, అంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్. 1865లో టెలిగ్రాఫ్ కోసం పుట్టి, ఇప్పుడు ఐక్యరాజ్య సమితి కుటుంబంలో ఉన్న సంస్థ. ఆఫీసు జెనీవాలో. 190కి పైగా దేశాలు సభ్యులు.

ఈ సంస్థ దగ్గరున్న ‘రేడియో రెగ్యులేషన్స్’ అనే గ్రంథం పేరుకు రూల్‌బుక్కే కానీ, నిజానికది సభ్య దేశాలన్నింటినీ కట్టిపడేసే ఒప్పందం. 8.3 కిలోహెర్ట్జ్ నుంచి 275 గిగాహెర్ట్జ్ దాకా ఏ ముక్క ఏ పనికో అందులో వరసగా రాసి ఉంటుంది. మన రెవెన్యూ ఆఫీసులో అడంగల్ లాంటిదనుకోండి. ప్రపంచాన్ని మూడు ప్రాంతాలుగా విడదీశారు. స్థూలంగా చెప్పాలంటే యూరప్, ఆఫ్రికా ఒకటి. అమెరికా ఖండాలు రెండోది. మనముండే ఆసియా, పసిఫిక్ మూడోది. ఒకే ముక్కలో ఇద్దరుంటే ఒకరు ప్రైమరీ, ఇంకొకరు సెకండరీ కావచ్చు. సెకండరీ అంటే ఖాళీ పొలంలో గడ్డి కోసుకునేవాడి లాంటివాడు. అసలు వాడికి అడ్డు రాకూడదు, తనకు అడ్డొచ్చిందని ఫిర్యాదు చేయకూడదు.

విమానయానానికి ఇందులో ఒక ప్రత్యేక గౌరవం ఉంది. రేడియో నావిగేషన్, ఇతర భద్రతా సేవలకు అడ్డంకి రాకుండా ప్రత్యేక చర్యలు తీసుకోవాలని దేశాలు ఒప్పుకున్నట్టు 4.10 అనే నిబంధన చెబుతుంది. కారణం సింపుల్. మీ వీడియో కాల్ కట్ అయితే మళ్లీ చేసుకుంటారు. ల్యాండింగ్‌కు ఆ సౌకర్యం లేదు.

ఈ పుస్తకాన్ని మూడు, నాలుగేళ్లకోసారి తిరగరాస్తారు. దానికోసం జరిగే సభ ప్రపంచ రేడియో కమ్యూనికేషన్ సదస్సు. 2015లో జెనీవాలో, 2019లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో, 2023లో దుబాయ్‌లో జరిగింది. దాదాపు నాలుగు వారాల పాటు పగలూ రాత్రీ బేరాలు నడుస్తాయి. బయట నుంచి చూస్తే ఇంతకన్నా బోరు కొట్టే మీటింగ్ ఉండదు. కానీ ఒక ఉదాహరణ చూడండి. 2014 మార్చి 8న 239 మందితో వెళ్తున్న మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైపోయింది. సముద్రం మీద రాడార్ ఉండదు కదా, మరి విమానాన్ని ఎలా వెంబడించాలన్న ప్రశ్న వచ్చింది. విమానాలు తమ స్థానాన్ని 1090 మెగాహెర్ట్జ్ మీద తామే చెప్పుకుంటూ పోతాయి, దాన్ని ఏడీఎస్-బీ అంటారు. ఆ సిగ్నల్‌ను అప్పటిదాకా నేల మీది స్టేషన్లే వినేవి. 2015 సదస్సు 1087.7 నుంచి 1092.3 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ముక్కలో ఉపగ్రహాలు కూడా ఆ సిగ్నల్ వినడానికి చోటిచ్చింది. 4.6 మెగాహెర్ట్జ్ ముక్క, అంతే. దాంతో సముద్రం మధ్యలో ఉన్న విమానం కూడా కనబడే దారి తెరుచుకుంది. 2023 దుబాయ్ సదస్సు ఇంకో అడుగు వేసింది. సముద్రాల మీద కూడా పైలట్ మామూలు వీహెచ్‌ఎఫ్ రేడియోతోనే, ఉపగ్రహం ద్వారా కంట్రోలర్‌తో మాట్లాడేందుకు 117.975 నుంచి 137 మెగాహెర్ట్జ్‌లో కేటాయింపు చేసింది.

అయితే ఈ గ్రామసభకు పోలీసులు లేరు. ఐటీయూ జరిమానా వేయలేదు, ఎవరి ట్రాన్స్‌మిటర్‌నూ ఊడబెరకలేదు. హద్దు రాయి జెనీవాలో పాతుతారు, కాపలా మాత్రం ఏ దేశానికి ఆ దేశమే కాయాలి. అసలు కథంతా ఇక్కడే ఉంది.

2022 జనవరి: ఎవరి తప్పు?

అప్పుడు మీలో చాలామంది ఇంటర్‌లోనో పాలిటెక్నిక్‌లోనో ఉండి ఉంటారు. జనవరి 19న అమెరికాలో రెండు పెద్ద టెలికం కంపెనీలు కొత్త బ్యాండులో 5జీ మొదలుపెడుతున్నాయి. స్ప్రింగ్ సెమిస్టర్ కోసం మనవాళ్లు సూట్‌కేసుల్లో పచ్చళ్లు సర్దుకుని బయల్దేరే సీజన్ అది. సరిగ్గా ఆ రోజే ఎయిరిండియా అమెరికాకు వెళ్లే పలు విమానాలను రద్దు చేసింది. ఎమిరేట్స్ తొమ్మిది అమెరికా నగరాలకు సర్వీసులు ఆపింది. జపాన్ విమానయాన సంస్థలు కూడా కొన్నిటిని ఆపేశాయి. ‘సెల్‌టవర్ పెడితే విమానం ఎందుకు ఆగాలి?’ అని మా ఫ్రెండ్స్ వాట్సప్ గ్రూపులో రోజంతా చర్చ. ఈసీఈ చదివిన నలుగురం ఉన్నాం గ్రూపులో, ఒక్కరికీ సరైన సమాధానం తెలియదు.

సమాధానం రేడియో ఆల్టిమీటర్. విమానం కడుపు కింద ఉండే చిన్న పరికరం. 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య తరంగాన్ని నేలకేసి పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి నేల ఎంత దూరంలో ఉందో చెబుతుంది. సుమారు 2,500 అడుగుల దిగువన దీనికి పని ఎక్కువ. 200 అడుగుల ఎత్తులో ఆ తరంగం వెళ్లి రావడానికి పట్టే సమయం మైక్రోసెకనులో సగం కూడా కాదు. ఆటోమేటిక్ ల్యాండింగ్, నేలను ఢీకొనబోతున్నావని చెప్పే హెచ్చరిక, ఇంకా ఎన్నో వ్యవస్థలు ఈ ఒక్క అంకె మీద ఆధారపడతాయి.

ఆ అంకె తప్పితే ఏమవుతుందో ప్రపంచం 2009 ఫిబ్రవరి 25న చూసింది. ఇస్తాంబుల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వస్తున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 దిగుతుండగా, ఎడమవైపు ఆల్టిమీటర్ మైనస్ 8 అడుగులు చూపించింది. విమానం దాదాపు 2 వేల అడుగుల ఎత్తులో ఉంది! నేలకు చేరిపోయామనుకుని ఆటోథ్రాటిల్ ఇంజిన్ల శక్తి తగ్గించేసింది. సిబ్బంది గమనించేసరికి ఆలస్యమైంది. 9 మంది చనిపోయారు. దానికీ 5జీకీ సంబంధం లేదు, అప్పటికి 5జీ పుట్టనే లేదు. కానీ విమానాల వాళ్లు ఆల్టిమీటర్ అనగానే ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం కావాలంటే ఈ ప్రమాదం తెలిసి ఉండాలి.

ఇక తగాదా. అమెరికా వేలం వేసిన 5జీ ముక్క 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్. ఆల్టిమీటర్ 4.2 దగ్గర మొదలవుతుంది. మధ్యలో 220 మెగాహెర్ట్జ్ గట్టు వదిలారు. టెలికం కంపెనీల వాదన: ‘‘మేం 8 వేల కోట్ల డాలర్లకు పైగా కట్టి కొన్నాం. మా పొలంలో మేం దున్నుకుంటున్నాం. గట్టు దాటలేదు.’’ విమానాల వాళ్ల వాదన: ‘‘మా ఆల్టిమీటర్లు తయారైనప్పుడు మా పక్కింట్లో ఉపగ్రహ టీవీ సిగ్నల్ ఉండేది. 36 వేల కిలోమీటర్ల నుంచి గుసగుసలాడే పొరుగువాడు. ఇప్పుడు మీరు అక్కడ డీజే పెట్టారు.’’

ఇద్దరిదీ నిజమే. అదే ఇందులో చిక్కు. చాలా పాత ఆల్టిమీటర్లలో ఫిల్టర్లు అంత గట్టివి కావు. తమ 4.2-4.4 దాటి బయట మాటలు కూడా వింటాయి. ట్రాన్స్‌మిటర్ తన బ్యాండు దాటి చిమ్మితే అది ఒక తప్పు. రిసీవర్ తన బ్యాండు దాటి వినడం మరో తప్పు. మనం సిలబస్‌లో మొదటి దాని గురించి పేజీలకు పేజీలు చదువుతాం, రెండోదాన్ని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేస్తాం. స్పెక్ట్రమ్ రూల్స్ కూడా చాలావరకు అంతే, మాట్లాడేవాడికి హద్దులు గట్టిగా పెడతాయి, వినేవాడి చెవిని అంతగా పట్టించుకోవు.

నా ఉద్దేశంలో 2022 గొడవ ఫిజిక్స్ తెచ్చింది కాదు, ఆఫీసుల మధ్య మాటల్లేకపోవడం తెచ్చింది. అమెరికా టెలికం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2020 ఫిబ్రవరిలోనే నిర్ణయం తీసుకుంది. విమానయాన రంగానికి ప్రమాణాలు రాసే ఆర్‌టీసీఏ అదే ఏడాది అక్టోబరులో ‘ఇబ్బంది వస్తుంది’ అని రిపోర్టు ఇచ్చింది. ఆ తర్వాతే వేలం జరిగింది. విమాన భద్రత చూసే ఎఫ్‌ఏఏ ఆదేశాలు వచ్చింది 2021 డిసెంబరులో. అంటే ఏడాదికి పైగా సమయం ఉండి కూడా చివరి వారంలో ఎయిర్‌పోర్టుల చుట్టూ టవర్లు ఆపండి అని బతిమాలుకోవాల్సి వచ్చింది. పరీక్ష ముందు రోజు రాత్రి సిలబస్ తెరిచినట్టు. ఆఖరికి టెలికం కంపెనీలు ఎయిర్‌పోర్టుల దగ్గర తగ్గాయి, విమానాల రకాలను ఒక్కొక్కటిగా పరీక్షించి అనుమతించారు, ఎయిర్‌లైన్స్ ఆల్టిమీటర్లకు కొత్త ఫిల్టర్లు పెట్టుకోవడం మొదలుపెట్టాయి.

మన దగ్గర ఏం చేశారు?

మీ ఊళ్లో కేబుల్ ఆపరేటర్ మేడ మీద పెద్ద డిష్ చూసే ఉంటారు. అది చాలావరకు 3.7 నుంచి 4.2 గిగాహెర్ట్జ్ మధ్య వచ్చే ఉపగ్రహ సిగ్నల్ పట్టుకుంటుంది. మన దేశంలో టీవీ ఛానళ్ల పంపిణీకి ఆ ముక్క ఇంకా కావాలి. అందుకని 2022లో కేంద్రం వేలం వేసిన మిడ్‌బ్యాండ్ 5జీ 3,300 దగ్గర మొదలై 3,670 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగింది. ఫలితంగా ఆల్టిమీటర్‌కూ మన 5జీకీ మధ్య 530 మెగాహెర్ట్జ్ గట్టు మిగిలింది. అమెరికా వదిలిన దానికి రెండింతల కన్నా ఎక్కువ. ఒక రకంగా మన సీరియళ్లు మన విమానాలకు కాపలా కాస్తున్నాయన్నమాట!

అంత గట్టు ఉన్నా జాగ్రత్త తీసుకున్నారు. 2022 అక్టోబరు 1న 5జీ ప్రారంభమైతే, నవంబరులో టెలికం శాఖ ఆపరేటర్లకు ఆదేశం ఇచ్చింది. రన్‌వే రెండు చివర్ల నుంచి 2.1 కిలోమీటర్లు, మధ్య గీత నుంచి 910 మీటర్ల లోపల ఈ బ్యాండులో 5జీ బేస్ స్టేషన్లు పెట్టకూడదు. ఆ తర్వాత మరో 540 మీటర్ల దాకా పవర్ తగ్గించాలి. ఢిల్లీ, బెంగళూరు, నాగ్‌పూర్, పుణె, గువాహటి ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల అప్పటికే పెట్టినవాటికీ ఇది వర్తించింది. విమానాల ఆల్టిమీటర్లు మార్చేదాకా ఈ ఏర్పాటు అన్నారు.

దీన్ని నేను పూర్తిగా మెచ్చుకోను, తిట్టను. గొడవ రాకముందే గీత గీయడం మంచిదే. కానీ బఫర్ అంటే మందు కాదు, కట్టు. ఆ కట్టు ధర చెల్లించింది ఎయిర్‌పోర్టు పక్క కాలనీల్లో ఉండి, ఫోన్‌లో 5జీ గుర్తు చూసి స్పీడు రాక విసుక్కున్నవాళ్లు. అసలు మందు ఆల్టిమీటర్‌లో మంచి ఫిల్టరే.

గుసగుసను మింగే డప్పు

ఆల్టిమీటర్ కథలో రెండు పక్షాలూ లైసెన్సు ఉన్నవే. జీపీఎస్ కథలో అలా కాదు, ఇక్కడ ఒకవైపు దొంగ ఉంటాడు. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల పైన ఉంటాయి. సామాన్యంగా వాడే సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్. అది నేలకు చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, ఒక వాట్‌ను లక్ష కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ పదివేల ముక్కలు చేస్తే వచ్చేంత. దాన్ని ముంచేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 2012లో అమెరికాలోని న్యూవార్క్ ఎయిర్‌పోర్టు దగ్గర కొత్త జీపీఎస్ ఆధారిత ల్యాండింగ్ వ్యవస్థకు అంతరాయం వచ్చింది. వెతికితే దొరికింది ఒక ట్రక్కు. తాను ఎక్కడ తిరుగుతున్నదీ యజమానికి తెలియకూడదని డ్రైవర్ ఒక చిన్న జామర్ పెట్టుకున్నాడు. అతని ఉద్దేశంలో అది బాస్ నుంచి తప్పించుకునే కిటుకు. ఎఫ్‌సీసీ 31,875 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది.

జామింగ్ అంటే చెవి దగ్గర డప్పు కొట్టడం. స్పూఫింగ్ ఇంకా ప్రమాదం. గొంతు మార్చి తప్పుడు అడ్రస్ చెప్పడం లాంటిది. విమానం తాను లేని చోట ఉన్నాననుకుంటుంది. యుద్ధ ప్రాంతాల్లో డ్రోన్లను, క్షిపణులను తప్పుదారి పట్టించడానికి చేసే ఈ పని దారిన పోయే ప్రయాణికుల విమానాలకూ తగులుతోంది. మన సరిహద్దులోనూ అంతే. 2023 నవంబరు నుంచి 2025 ఫిబ్రవరి మధ్య ప్రధానంగా అమృత్‌సర్, జమ్మూ ప్రాంతాల్లో ఇలాంటి 465 ఘటనలు నమోదయ్యాయని కేంద్రం లోక్‌సభకు చెప్పింది.

సరిహద్దు అంటే మనకు దూరమే అనుకుంటున్నారా? 2025 నవంబరులో ఢిల్లీ ఎయిర్‌పోర్టులోనే ఈ సమస్య వచ్చింది. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్‌నాయుడు డిసెంబరు 1న రాజ్యసభకు ఇచ్చిన జవాబు చదవండి. ఢిల్లీలో 10వ నంబర్ రన్‌వేకి జీపీఎస్ ఆధారంగా దిగుతున్న కొన్ని విమానాలు స్పూఫింగ్ గురించి చెప్పాయి. సంప్రదాయ పరికరాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది కలగలేదు. కోల్‌కతా, అమృత్‌సర్, ముంబయి, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఎయిర్‌పోర్టుల నుంచి కూడా జీపీఎస్ అంతరాయం రిపోర్టులు వస్తున్నాయి. సిగ్నల్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టమని టెలికం శాఖలోని వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్‌ను కోరారు.

ఆ జవాబులో నాకు ముఖ్యంగా అనిపించింది ‘సంప్రదాయ పరికరాలు’ అన్న మాట. 108 దాటాక ఉందని చెప్పిన లోకలైజర్ అలాంటిదే. ఉపగ్రహాలు వచ్చాయి కదా, నేల మీది పాత పరికరాలకు ఖర్చెందుకు, ఆ ఫ్రీక్వెన్సీలు ఎందుకు అట్టేపెట్టుకోవడం అని ఒక వాదన ఎప్పుడూ ఉంటుంది. ఢిల్లీలో ఆదుకున్నవి ఆ పాత పరికరాలే. అందుకే వాటి కనీస నెట్‌వర్క్‌ను మన దేశం నిలబెట్టుకుంటోంది. 2025 మార్చిలో ఐటీయూ, పౌర విమానయానానికి చెందిన ఐసీఏఓ, నౌకాయానానికి చెందిన ఐఎంఓ మూడూ కలిసి ఈ అంతరాయాల మీద తీవ్ర ఆందోళన వ్యక్తం చేశాయి. అదీ వాటి శక్తి: ఆందోళన చెప్పగలవు. పట్టుకోవాల్సింది ఆయా దేశాలే. యుద్ధంలో ఉన్న దేశమే స్పూఫింగ్ చేస్తుంటే పట్టుకునేదెవరు? దీనికి రేడియో రెగ్యులేషన్స్‌లో జవాబు లేదు.

తర్వాతి పంచాయితీ షాంఘైలో

తర్వాతి సదస్సు 2027లో చైనాలోని షాంఘైలో. అజెండాలో 1.7 అనే అంశం ఉంది. భవిష్యత్ మొబైల్ సేవలకు 4,400 నుంచి 4,800 మెగాహెర్ట్జ్, 7,125 నుంచి 8,400 మెగాహెర్ట్జ్, 14.8 నుంచి 15.35 గిగాహెర్ట్జ్ ముక్కలను పరిశీలిస్తారు. మొదటి అంకె మళ్లీ చూడండి. ఆల్టిమీటర్ ముగిసేది 4,400 దగ్గర. ఇప్పటిదాకా తగాదా కింది గట్టు మీద, ఇకపై పై గట్టు మీద కూడా. మరోపక్క 2025 జులైలో అమెరికా చేసిన చట్టం 3.98 నుంచి 4.2 మధ్య కనీసం 100 మెగాహెర్ట్జ్ వేలం వేయాలంటోంది. అంటే అక్కడ వదిలిన 220 గట్టులోనే సగం దాకా దున్నేస్తారు. ఆల్టిమీటర్లను ఒకసారి మార్చుకున్న ఎయిర్‌లైన్స్ మళ్లీ మార్చుకోవాలి. విమానంలో ఒక పరికరం మారాలంటే ప్రమాణం రాయాలి, తయారు చేయాలి, సర్టిఫికెట్ రావాలి, వేల విమానాల్లో బిగించాలి. ఏళ్లు పడుతుంది. ఫోన్ మోడల్ ఏడాదికోసారి మారుతుంది. ఈ రెండు గడియారాలూ ఒకే వేగంతో తిరగకపోవడమే నాకు కనిపిస్తున్న అసలు ప్రమాదం.

ఇందులో మీకు పనేంటి?

నిజం చెప్పాలంటే ఇందులో వేల ఉద్యోగాలు లేవు. ‘స్పెక్ట్రమ్ ఇంజినీర్ కావాలి’ అని క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తక్కువ. కానీ ఉన్న కొద్దిమందిలో ఈ విషయం అటూ ఇటూ తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. టెలికం తెలిసినవాళ్లకు విమానం తెలియదు, విమానం తెలిసినవాళ్లకు టెలికం తెలియదు. 2022లో అమెరికా ఇరుక్కున్నది ఆ ఖాళీలోనే.

ప్రభుత్వం వైపు చూస్తే, యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లో ఎలక్ట్రానిక్స్, టెలికం బ్రాంచ్ వాళ్లకు ఇండియన్ రేడియో రెగ్యులేటరీ సర్వీస్ ఒకటుంది. ఐఈఎస్ రాసేవాళ్లు కూడా చాలామంది దీన్ని ప్రిఫరెన్స్ లిస్టులో ఎక్కడో కింద పెడతారు, ఏంటో తెలియక. ఫ్రీక్వెన్సీలు కేటాయించే డబ్ల్యూపీసీ విభాగం, అంతరాయాన్ని వెతికే మానిటరింగ్ విభాగం ఈ సర్వీసు నడిపేవే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో జూనియర్ ఎగ్జిక్యూటివ్ ఎలక్ట్రానిక్స్ పోస్టులు గేట్ స్కోరుతో తీసుకుంటున్నారు. లోకలైజర్లు, రాడార్లు, రేడియోలు చూసుకునేది వీళ్లే. ఏటీసీ పోస్టులకు పరీక్ష వేరు, ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన బీఎస్సీ వాళ్లు కూడా అర్హులే. పోస్టుల సంఖ్య, వయసు నోటిఫికేషన్‌లోనే చూసుకోండి, యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో కాదు. ప్రైవేటులో ఏవియానిక్స్, ఆర్‌ఎఫ్ టెస్టింగ్, 5జీ నెట్‌వర్క్ ప్లానింగ్ చేసేచోట ఈ పరిజ్ఞానం పనికొస్తుంది. మన హైదరాబాద్‌లోనే ఉస్మానియా యూనివర్సిటీలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ మీద పరిశోధించే నెర్టూ ఉంది. ఎంటెక్, పీహెచ్‌డీ ఆలోచన ఉన్నవాళ్లు ఒకసారి అక్కడి పేపర్లు తిరగేయండి.

చదవాల్సినవి కొత్తవేం కావు. లింక్ బడ్జెట్ చేత్తో వేయడం రావాలి. ఫిల్టర్ సెలెక్టివిటీ, రిసీవర్ బ్లాకింగ్ అంటే ఏంటో బోర్డు మీద గీసి చెప్పగలగాలి. జీఎన్‌యూ రేడియో ఉచిత సాఫ్ట్‌వేర్, లాప్‌టాప్‌లోనే ఒక బలమైన సిగ్నల్ పక్కన బలహీనమైన సిగ్నల్ పెట్టి ఫిల్టర్ మార్చి చూడండి, 2022 గొడవ మొత్తం స్క్రీన్ మీద కనబడుతుంది. హ్యామ్ రేడియో లైసెన్సు పరీక్ష రాయండి, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లు దారి చూపిస్తారు. ఒక్క మాట, ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా అని ‘ప్రాజెక్టు కోసం’ జామర్ జోలికి మాత్రం వెళ్లొద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ కొనడం, వాడడం మన దేశంలో చట్టవిరుద్ధం.

రేడియో రెగ్యులేషన్స్ 2024 ఎడిషన్ ఐటీయూ ఉచితంగానే ఇస్తోంది. వేల పేజీలు చూసి భయపడకండి. మొదటి సంపుటంలో ఆర్టికల్ 5 తీసి 4,200-4,400 వరుస దగ్గరికి వెళ్లండి. అక్కడ 5.438 అని చిన్న ఫుట్‌నోట్ ఉంటుంది. ఆ బ్యాండులో రేడియో నావిగేషన్ వాడకం విమానంలోని ఆల్టిమీటర్లకూ, వాటికి తోడుగా నేల మీదుండే ట్రాన్స్‌పాండర్లకూ మాత్రమే అని ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. దాని కింద 4,400 వరుస చదవండి, పైన 3,700 వరుస చదవండి. పొరుగువాళ్లెవరో రాసుకోండి. తర్వాత 108 దగ్గరికి వెళ్లి అదే పని చేయండి. ఒక గంట చాలు. నన్ను అడిగిన ఆ పెద్దాయన ఈపాటికి రిటైరై ఉంటారు కానీ, ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.